లాగే ముందు నిర్ణయం



బీదరు చుట్టుపక్కల ఉండేవారికి హాక్ జెట్ మోత కొత్త కాదు. ఇక్కడి వైమానిక స్థావరంలో యువ పైలట్లు శిక్షణ పొందేది వాటిమీదే. ఆ మోత వినబడితే మా తరగతి మొత్తం కిటికీవైపు తిరుగుతుంది. ఒకరోజు ఒక అబ్బాయి అడిగాడు: "సార్, విమానం పాడైతే పైలట్ దూకేస్తాడా?"

దూకలేడు. అంత వేగంలో గాలి కొడుతుంటే లేవడమే కష్టం. లేచినా వెనుక తోక తగులుతుంది. అందుకే కుర్చీతో సహా మనిషిని పైకి విసిరే ఏర్పాటు చేశారు. దాన్నే ఎజెక్షన్ సీటు అంటారు. హాక్‌లో ఉన్నది బ్రిటన్‌కు చెందిన మార్టిన్-బేకర్ సీటు. ఆ కంపెనీ సీటుతో బెర్నార్డ్ లించ్ 1946 జూలై 24న ఎగురుతున్న విమానం నుంచి బయటికి వచ్చి చూపించాడు.

పైలట్ తొడల మధ్య ఒక పిడి ఉంటుంది. దాన్ని లాగితే పైకప్పులో అతికించిన సన్నని మందుతీగ పేలి కప్పు ముక్కలవుతుంది. కుర్చీ కింద మొదట తుపాకీమందు, తర్వాత రాకెట్టు మండుతాయి. కాళ్లను పట్టీలు వెనక్కి లాగుతాయి. మూడు సెకన్లు నిండేలోపే పారాచూట్ విచ్చుకుంటుంది. వెనుక సీటు ముందు లేస్తుంది. ముందు సీటు ముందే లేస్తే దాని మంట వెనుకవాడికి తగులుతుంది మరి!

ఆ విసురులో మనిషి బరువు 12 రెట్లకు మించుతుంది. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 700 కిలోలు దాటతాడు. తల వంగి ఉన్నా, నడుము వాలి ఉన్నా వెన్నుపూస విరగవచ్చు. కాబట్టి తల ఆనించి, వీపు నిటారుగా పెట్టి, మోచేతులు దగ్గరికి తీసుకుని పిడి లాగడం నేలమీదే మళ్లీ మళ్లీ అభ్యాసం చేయిస్తారు.

అయితే అసలు కష్టం చేతిది కాదు, మనసుది. ఈ సీటు నేలమీద నిలిచిన విమానం నుంచి కూడా కాపాడగలదు. కానీ విమానం వేగంగా కిందికి పడుతుంటే, లేదా తలకిందులై ఉంటే, అదే సీటుకు చాలా ఎత్తు కావాలి. "ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం" అనుకునే రెండు సెకన్లలో ఆ ఎత్తు కరిగిపోతుంది. అందుకని ఏ ఎత్తులోపు అదుపులోకి రాకపోతే వదిలెయ్యాలో నేలమీదే నిర్ణయించుకుంటారు. గాలిలో ఆలోచన ఉండదు. "ఎజెక్ట్" అని మూడుసార్లు అనడం, లాగడం, అంతే.

"విమానం కోట్ల ఖరీదు కదా సార్?" అన్నాడు మావాడు. ఖరీదే. 2023 జూన్ 1న చామరాజనగర్ జిల్లాలో శిక్షణలో ఉన్న కిరణ్ విమానం కూలింది. అందులోని ఇద్దరు పైలట్లూ ఇలాగే బయటపడి బతికారు.

ఇంకొక్క మాట. ఎగిరే ముందు సీటుకున్న భద్రతా పిన్ను తీస్తారు. దిగాక, లేచే ముందు, మళ్లీ పెట్టాలి. ఆగిన విమానంలో కూడా ఆ మందు మందే.