గోవుల రోటావైరసు – శిశువులకు వేయు చుక్కలు

సూరతు నగరమందలి సలాబత్‌పురా, లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణము నుండి వలస వచ్చి మరమగ్గములపై జీవించు తెలుగు కుటుంబములు పెక్కు గలవు. బిడ్డకు ఆరువారములు నిండగనే ఆరోగ్య కార్యకర్త వచ్చి నోటిలో వేయించు రోటావైరసు టీకాలో గోవుల వైరసు అంశము గలదని విన్న తల్లికి, “పశువుల రోగమును మా పసిబిడ్డ నోట వేయుట ఏల?” యను సందేహము కలుగుట సహజము. ఆ సందేహమునకు సమాధానము గలదు.

1969లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున, పారుడు రోగముతో చచ్చుచున్న దూడల మలమునందు ఈ వైరసు కనుగొనబడెను. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు అతిసారముతో బాధపడు శిశువుల చిన్నప్రేగులో దీనిని పోలిన వైరసునే చూచిరి. సూక్ష్మదర్శినిలో బండి చక్రమువలె కన్పట్టుటచే, చక్రమను అర్థముగల లాటిను పదమునుబట్టి దీనికి రోటావైరసు అను పేరు వచ్చినది. అయిదేండ్లు నిండులోగా ఇది సోకని బిడ్డ లేదన్నను తప్పులేదు. టీకా రాకపూర్వము మన దేశమున ఏటా సుమారు 78,000 మంది పసిబిడ్డలు దీనివలన మరణించుచుండిరని అంచనా.

ఈ వైరసు దేహము మూడు పొరలుగ నుండును. లోపల పదునొకండు జన్యుఖండములు గలవు. వెలుపలి పొరలో రెండు ప్రోటీనులున్నవి. వీనినే మాంసకృత్తులనియు అందురు. గుల్లవలె కప్పియుండునది వీపీ7. గుల్లనుండి అరువది ముండ్లవలె పొడుచుకొని వచ్చునది వీపీ4. ముల్లు ప్రేగు కణమును పట్టుకొనుటకు ఉపకరించును. మన ప్రేగులోని ట్రిప్సిన్ అను జీర్ణరసము ఈ ముల్లును రెండు తునుకలుగ కోసినప్పుడే వైరసుకు కణములో దూరు శక్తి పూర్తిగ వచ్చును. ఆహారమును జీర్ణము చేయు రసమే శత్రువునకు పదును పెట్టుచున్నదన్నమాట!

వీపీ7 గుల్ల సున్నపు ధాతువైన కాల్షియము బలముచే నిలిచియుండును. కణములో కాల్షియము మిక్కిలి తక్కువ. కావున వైరసు లోనికి పోగానే గుల్ల విడిపోవును, వైరసు తన పని ఆరంభించును.

శరీరము ఈ రెండు ప్రోటీనులను గుర్తించి వానిపై ప్రతిరక్షకములను పుట్టించును. ముల్లు కొనకు అంటుకొను ప్రతిరక్షకము వైరసును కణమునకు తగులనీయదు. వీపీ7పై పుట్టు ప్రతిరక్షకములలో కొన్ని చేయు పని విచిత్రమైనది: అవి గుల్ల ముక్కలను ఒకదానితో నొకటి బిగించి పట్టును. అప్పుడు వైరసు కణములో ప్రవేశించినను గుల్ల విడిపోదు. లోపలి యంత్రము కదలదు. మధ్యపొరలోని వీపీ6పై అత్యధికముగ ప్రతిరక్షకములు పుట్టును. రోగనిర్ధారణ పరీక్షలు ముఖ్యముగ వీపీ6పైననే ఆధారపడినవి.

వీపీ7 భేదములను జీ అనియు, వీపీ4 భేదములను పీ అనియు సంఖ్యలతో వ్యవహరింతురు. మన దేశపు పశువులలో జీ10, పీ11 రకములు తరచుగ కానవచ్చును. ఒకే కణములో పశువుల వైరసు, మానవ వైరసు కలిసినయెడల జన్యుఖండములు తారుమారగుట కద్దు. అట్టి సంకరమే 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ప్రసూతి విభాగమున కనబడినది. అచ్చటి నవజాత శిశువులకు వైరసు సోకెనేగాని విరేచనములు కలుగలేదు. అంతేగాక ఆ బిడ్డలకు పిమ్మట తీవ్రమైన రోటావైరసు వ్యాధి రాలేదు. 116ఈ అను ఆ వైరసులో పది ఖండములు మానవ వైరసువి, ముల్లు ఖండమొక్కటి గోవుల వైరసుది. ప్రకృతియే చేసిన ఈ మందును హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను టీకాగ తయారుచేసినది. పూణేలోని సీరం సంస్థ చేసిన రోటాసిల్ మరియొక విధమైనది: గోవుల వైరసు దేహమునకు మానవ వైరసుల వీపీ7 గుల్లలు తొడిగిరి. రెంటిలోను వైరసు సజీవమే, కాని శిశువునందు వ్యాధి కలిగింపలేనంత బలహీనమైనది.

దూడకును శిశువునకును ఒక భేదము గలదు. ఆవు గర్భములోని దూడకు తల్లి ప్రతిరక్షకములు చేరవు; ఈనిన తొలి గంటలలో త్రాగు జున్నుపాలే దానికి ఆధారము. ఒక దినము గడచిన పిదప ప్రేగు వానిని రక్తములోనికి తీసికొనజాలదు. మానవ శిశువునకు గర్భముననే కొన్ని చేరును, ముర్రుపాలలో మరికొన్ని లభించును. ఈ తల్లి ప్రతిరక్షకములు టీకా బలమును కొంత తగ్గించునను తలంపుతో, చుక్కలు వేయు సమయమున కొంతసేపు పాలు మాన్పి పరీక్షించిరి, ప్రయోజనము కానరాలేదు. కావున తల్లి పాలు మాన్పరాదు.

టీకా వలన రోగము పూర్తిగ రాకుండునని చెప్పుట సత్యము కాదు. ఢిల్లీ, పూణే, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, మొదటి యేట తీవ్రవ్యాధి నుండి రోటావాక్ నూటికి సుమారు 56 వంతుల రక్షణ నిచ్చినది. 1999లో అమెరికాలో ఒక పూర్వపు టీకాను, ప్రేగు ప్రేగులోనికి చొచ్చుకొనిపోవు ప్రమాదము వలన ఉపసంహరించిరి. అందుచే, టీకా వేసిన పిమ్మట బిడ్డ తెరలు తెరలుగ ఏడ్చుచు, వాంతులు చేసికొనుచు, మలములో రక్తము కానవచ్చినయెడల వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇది మిక్కిలి అరుదు.

ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రములలో 2016లో మొదలైన ఈ టీకా 2019 నాటికి దేశమంతట వ్యాపించినది. 6, 10, 14 వారముల వయసున ఉచితముగ వేయుదురు. పని నిమిత్తము ఊరు మారు కుటుంబములవారు టీకా కార్డు వెంట నుంచుకొన్నచో, సూరతులో మొదలైనది వరంగల్లులో పూర్తి చేయించుకొనవచ్చును. మొదటి మోతాదు ఏడాది నిండకముందే పడవలెను.

విరేచనములు పట్టుకొన్నయెడల ఓఆర్ఎస్ పొట్లమును, దానిపై సూచించిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో మాటిమాటికి పట్టవలెను. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు జింకు మాత్రలు విరేచనములు ఆగినను పదునాలుగు దినములు వేయవలెను. కన్నులు గుంటలు పడుట, మగతగ నుండుట, త్రాగలేకపోవుట, మూత్రము రాకుండుట – వీనిలో ఏ ఒక్కటి కానవచ్చినను తెల్లవారువరకు వేచియుండరాదు.