బండి జారి పడ్డ తర్వాత: గాయం మానే కాలం, బెదురు తీరే కాలం

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఈ అంకెలు పోలీసు స్టేషన్లలో నమోదైన కేసుల నుంచి వచ్చినవి కనుక, మలుపులో ఇసుక మీద బండి జారి మోకాలు దోక్కుపోయినవారు, కుక్క అడ్డం వస్తే బ్రేకు వేసి పక్కకు ఒరిగినవారు, లేచి దుమ్ము దులుపుకుని ఇంటిదారి పట్టినవారు సాధారణంగా ఏ లెక్కలోకీ రారు. వీరికి తగిలినదాన్ని లోకం చిన్న దెబ్బ అంటుంది, వైద్యశాస్త్రం కూడా చాలావరకు ఆ మాటను కాదనదు. అయితే అది చిన్నదన్న నిర్ణయానికి పడిన చోటే, పడిన నిమిషంలోనే రావడం పొరపాటు. దెబ్బ ఎంతటిదో శరీరం ఒక్కసారిగా బయటపెట్టదు, గంటలు గడిచాక కొంత, రోజులు గడిచాక మరికొంత తెలియజేస్తుంది.

పడబోతున్నామని మెదడు గ్రహించిన లిప్తలోనే, మూత్రపిండాల మీద టోపీల్లా అమరి ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దాని ప్రభావంతో గుండె వేగం పెరిగి, రక్తం కండరాలకు మళ్లుతుంది. అదే సమయంలో మెదడులోనూ వెన్నుపాములోనూ ఎండార్ఫిన్లు వంటి రసాయనాలు విడుదలై నొప్పి సంకేతాలను అణచి ఉంచుతాయి. నూరు కిలోలకు పైబడిన బండిని ఒంటి చేత్తో లేపి నిలబెట్టి, చుట్టూ చేరినవారితో "ఏం కాలేదు" అని చెప్పి వెళ్లిపోయే మనిషి అబద్ధం ఆడడం లేదు, అతనికి ఆ సమయంలో నిజంగానే నొప్పి తెలియడం లేదు. ఆ ఉధృతి తగ్గాక చేతులు వణకడం, కడుపులో తిప్పడం మొదలవుతాయి. మర్నాటికి మెడ, భుజాలు, నడుము బిగుసుకుపోతాయి, రెండో మూడో రోజున ఆ నొప్పులు మరింత పెరగడం కూడా మామూలే. పడేటప్పుడు సాగిన కండరాల్లో వాపు మెల్లగా చేరడమే ఇందుకు కారణం. పూర్తిగా మంచం పట్టడం కన్నా నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మెడను, చేతులను మెల్లగా కదిలిస్తూ ఉండడమే ఈ బిగువు సడలడానికి తోడ్పడుతుంది.

శరీరం నిజం చెప్పడానికి చేసే ఈ ఆలస్యం తల విషయంలోనే అన్నిటికన్నా ప్రమాదకరం. కపాలానికీ మెదడు మీది పొరకూ మధ్య ఉండే ధమని చిట్లినప్పుడు, అక్కడ రక్తం కొద్దికొద్దిగా చేరుతున్నంతసేపు మనిషి తేరుకుని మామూలుగా మాట్లాడుతూ, కాఫీ తాగుతూ కనిపించి, కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా మగతలోకి జారిపోవచ్చు. ఇది అరుదైన సంగతే అయినా, తలకు దెబ్బ తగిలినవారిని మొదటి 24 గంటలు ఒంటరిగా వదలకూడదని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. వాంతులు మళ్లీమళ్లీ కావడం, తలనొప్పి క్రమంగా పెరగడం, మాట తడబడడం, కనుపాపలు రెండూ ఒకే పరిమాణంలో లేకపోవడం, ముక్కు నుంచో చెవి నుంచో నీరు లేదా రక్తం కారడం, లేపినా సరిగా లేవకపోవడం వంటివి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకూడదు. గుండె జబ్బు వల్లనో పక్షవాతం వల్లనో రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారైతే ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకున్నవారిలో కాలేయానికో ప్లీహానికో తగిలిన దెబ్బ కూడా ఇలాగే ఆలస్యంగా బయటపడుతుంది కనుక పెరుగుతున్న కడుపునొప్పిని అజీర్తిగా భావించరాదు.

ఇక అందరికీ కనిపించే గాయం చర్మానిది. తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయిన మోకాలినో మోచేతినో దగ్గరగా చూస్తే, ఎర్రబారిన చోట చిన్నచిన్న రక్తపు చుక్కలు పూసి, వాటి మధ్య పారదర్శకమైన ద్రవం ఊరుతూ, అక్కడక్కడ నల్లటి ఇసుక రేణువులు దిగబడి ఉంటాయి. చర్మంలో పైనుండే బాహ్యచర్మం పూర్తిగా లేచిపోయి, రక్తనాళాలు, నాడుల కొనలు ఉండే అంతశ్చర్మం పైభాగం బయటపడిందనడానికి ఆ చుక్కలే గుర్తు. లోతుగా తెగిన గాయం కన్నా ఈ దోకుడు ఎక్కువ మంట పెట్టడానికి కారణం, అన్ని నాడుల కొనలు ఒక్కసారిగా గాలికి బయటపడడమే. అంత మంట పెట్టే ఈ గాయమే మచ్చ పెద్దగా మిగలకుండా మానడానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా. వెంట్రుకల కుదుళ్లు, స్వేదగ్రంథుల అడుగున కొత్త చర్మాన్ని పుట్టించగల మూలకణాలు మిగిలే ఉంటాయి కనుక, గాయం అంచుల నుంచి మాత్రమే కాకుండా మధ్యలో ప్రతి కుదురు నుంచీ కొత్త పొర అల్లుకుంటూ వస్తుంది.

ఆ అల్లిక ఒక క్రమంలో సాగుతుంది. ముందుగా ప్లేట్‌లెట్లు అనే రక్తకణాలు గుమిగూడి, ఫైబ్రిన్ అనే ప్రొటీను దారాలతో వల పన్ని రక్తస్రావాన్ని ఆపుతాయి. తర్వాత రెండు మూడు రోజులు తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను, చచ్చిన కణజాలాన్ని తొలగిస్తాయి. అప్పుడు గాయం చుట్టూ కనిపించే ఎరుపు, వేడి, వాపు ఆ పని జరుగుతోందనడానికి సూచనలే గాని చీము పట్టిందనడానికి కాదు. ఆ ఎరుపు నాలుగో రోజు తర్వాత కూడా విస్తరిస్తున్నా, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. ఈ దశ ముగిసే సరికి కొత్త కణాల పొర పరుచుకోవడం మొదలవుతుంది, పైపై దోకుడైతే ఒకటి రెండు వారాల్లో మూసుకుంటుంది. లోతైన గాయంలోనైతే కొల్లాజెన్ పోగులు సర్దుకునే పని ఏడాది వరకూ సాగినా, ఆ చోట చర్మం పూర్వపు బలంలో సుమారు 80 శాతానికి మించి తిరిగి పొందదు. మధుమేహం అదుపులో లేనివారిలో ఈ దశలన్నీ మందగిస్తాయి కనుక వారు చిన్న దోకుడునైనా వైద్యుడికి చూపించడం మంచిది.

గాయాన్ని గాలికి ఆరనిస్తే త్వరగా మానుతుందన్న నమ్మకం తెలుగు ఇళ్లలోనే కాక ప్రపంచమంతటా ఉండేది. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మంపై చేసిన ప్రయోగాన్ని 1962లో నేచర్ పత్రికలో ప్రచురించాడు. పాలిథీన్ పొరతో కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలేసిన గాయాలతో పోలిస్తే దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకోవడం ఆయన గమనించాడు. మరుసటి ఏడాది మనుషుల్లోనూ అటువంటి ఫలితమే కనిపించింది. దీనికి కారణం తేలికగానే బోధపడుతుంది. గట్టిగా పక్కు కట్టిన చోట కొత్త కణాలు ఆ ఎండిన పెళ్ల కిందికి దిగి, తడి ఉన్న లోతున దారి చేసుకుని పాకవలసి వస్తుంది, తడి నిలిచిన చోట ఆ శ్రమ ఉండదు. అందువల్ల శుభ్రంగా కడిగిన గాయం మీద పలచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజుగుడ్డతో కప్పి, రోజూ మార్చడమే నేటి పద్ధతి.

అన్నిటికన్నా ముఖ్యం ఆ కడగడమే. ధారగా పారే మంచినీటితో, సబ్బుతో కడుక్కున్న చేతులతో, ఇసుక పూర్తిగా పోయే దాకా కొన్ని నిమిషాల పాటు కడగాలి. ఎంత కడిగినా రాని రేణువులను ఆసుపత్రిలో తీయించుకోవాలి, లేకపోతే వాటి మీదుగానే చర్మం మూసుకుని పచ్చబొట్టు వంటి నీలిమచ్చ శాశ్వతంగా మిగులుతుంది. పసుపు, కాఫీ పొడి, గడ్డిచామంతి ఆకు పసరు తరతరాలుగా ఆప్యాయతతో వాడుతున్నవే, కానీ రోడ్డు మీది మట్టి దిగబడిన గాయంలోకి మరో పొడినో పసరునో చేర్చడం అంటే కడగవలసినదాన్ని పెంచడమే. ధనుర్వాతాన్ని కలిగించే క్లాస్ట్రీడియం టెటాని బ్యాక్టీరియా సిద్ధబీజాల రూపంలో ఉండేది ఆ మట్టిలోనే. టీకా మోతాదులు ముందే పూర్తి చేసుకున్నవారికి మట్టి పట్టిన గాయమైతే చివరి మోతాదు నుంచి 5 ఏళ్లు, శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్లు దాటినప్పుడే ఇంజెక్షన్ అవసరం. దెబ్బ తగిలిన ప్రతిసారీ వేయించుకోవడం ఎంత అనవసరమో, ఎప్పుడు వేయించుకున్నామో గుర్తులేకుండా ఊరుకోవడం అంత ప్రమాదకరం.

చర్మం లేవకుండా తగిలిన మూగదెబ్బ రంగులు మార్చడం కూడా మానడంలో భాగమే. చిట్లిన సన్నని నాళాల నుంచి కారిన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను భక్షక కణాలు విడగొట్టే కొద్దీ ముందు ఆకుపచ్చని బిలివెర్డిన్, తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్ ఏర్పడి, కమిలిన చోటు రెండు వారాల్లో మామూలు రంగుకు వస్తుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచు ముక్కలతో కాపడం నొప్పిని తగ్గిస్తుంది. ఆ రోజుల్లోనే వేడి నూనెతో గట్టిగా మర్దన చేస్తే చిట్లిన నాళాలు మళ్లీ చిట్లుతాయి.

బండి మీద నుంచి పడేవారు దాదాపు అసంకల్పితంగానే అరచేతిని నేలకు ఆనిస్తారు కనుక మణికట్టును విడిగా పరీక్షించడం అవసరం. బొటనవేలిని పూర్తిగా చాచి పైకెత్తితే దాని మొదట్లో రెండు నరాల్లా కనిపించే స్నాయువుల మధ్య చిన్న గుంట ఏర్పడుతుంది. పూర్వం నస్యం పీల్చేవారు చిటికెడు పొడిని పోసుకునేది అక్కడే, శరీరశాస్త్రంలో దాని పేరు కూడా నస్యపు డబ్బీ అనే అర్థాన్నే ఇస్తుంది. ఆ గుంట అడుగున జీడిపప్పంత ఎముక ఒకటి ఉంటుంది, దాని పేరు స్కాఫాయిడ్. వేలితో అక్కడ నొక్కినప్పుడు నొప్పి కలుక్కుమంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా ఎముక చిట్లి ఉండవచ్చు. అందుకే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఈ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి ప్రవహిస్తుంది, కాబట్టి మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది మెల్లగా చచ్చిపోయే అవకాశం ఉంది. బెణుకు అనుకుని నెలలు గడిపి, తర్వాత జీవితాంతం మణికట్టు నొప్పితో బాధపడేవారిలో ఎందరికో ఈ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. పుత్తూరు కట్టు మీద తెలుగువారికి ఉన్న విశ్వాసం తరాల నాటిది, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ ఎవరిచేత కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే ఉండాలి, కట్టిన తర్వాత వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నొప్పి భరించరానిదైనా ఆ కట్టును వెంటనే విప్పించాలి.

శరీరం మానిన తర్వాత కూడా మిగిలేది దడుపు. అదే మలుపు రాగానే అరచేతులు చెమర్చడం, లారీ హారన్‌కు ఉలిక్కిపడడం, నిద్రలో రోడ్డు ఎదురురావడం పిరికితనానికి సంబంధించినవి కావు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ఆ చోటును, ఆ శబ్దాన్ని, తడి తారు వాసనను ప్రమాదంతో ముడివేసి భద్రపరుస్తుంది, ప్రాణాన్ని కాపాడడమే దాని పని. ఎక్కువ మందిలో ఈ బెదురు కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారినే తప్పించుకు తిరగడం కొనసాగితే మానసిక వైద్యుల సహాయం తీసుకోవాలి.

ఈ విషయంలో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన రెండు పరిశోధనలు ఆలోచింపజేస్తాయి. రోడ్డు ప్రమాద బాధితులను వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా వివరంగా చెప్పించే చికిత్సను పరీక్షించి, ఫలితాన్ని 2000లో ప్రచురించారు. మొదట్లో బాధ తీవ్రంగా ఉన్నవారు ఆ చికిత్స పొందినప్పుడు, మూడేళ్ల తర్వాత చూస్తే, పొందనివారికన్నా అధ్వానంగా ఉన్నారు. 2017లో వెలువడిన రెండో అధ్యయనంలో, ప్రమాదం జరిగిన 6 గంటలలోపు అత్యవసర విభాగానికి వచ్చిన 71 మందిలో కొందరిచేత ఆ దృశ్యాన్ని క్లుప్తంగా తలపుకు తెప్పించి, టెట్రిస్ అనే దిమ్మెలు పేర్చే వీడియో ఆట ఆడించగా, తర్వాతి వారంలో వారికి అప్రయత్నంగా ఎదురయ్యే జ్ఞాపకాలు మిగతావారికన్నా 62 శాతం తగ్గాయి. జ్ఞాపకం గట్టిపడకముందే, బొమ్మలను ఊహించే శక్తిని ఆట తనవైపు లాక్కోవడం ఇందుకు కారణమని పరిశోధకుల భావన. ఇది చిన్న అధ్యయనమే. పరామర్శకు వచ్చిన ప్రతివారూ జరిగినదాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పించడం మొదటి అధ్యయనంలోని చికిత్సతో సమానం కాదు గాని, బాధితుడు తానై చెప్పదలిస్తే వినడం, చెప్పదలచకపోతే అడగకపోవడం మేలని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి.

భయం చెరిగిపోవడం వల్ల తగ్గదు, దాని మీద కొత్త అనుభవం పేరుకోవడం వల్ల తగ్గుతుంది. ప్రమాదమేమీ లేకుండా అదే పని మళ్లీమళ్లీ జరిగినప్పుడు, నుదుటి వెనుక ఉండే మెదడు భాగం అమిగ్డలాను అదుపులో పెట్టడం నేర్చుకుంటుంది. ఈ నేర్పు నేర్చిన చోటుకే ఎక్కువగా అంటుకుని ఉంటుంది కాబట్టి, ముందు ఖాళీ మైదానంలో, తర్వాత ఉదయపు వేళ ఇంటి వీధిలో, చివరికి పడిన ఆ మలుపులోనే నెమ్మదిగా పగటిపూట నడపడం అవసరం. దారి మార్చుకుని తిరిగేవారిలో బెదురు అలాగే నిలిచిపోతుంది. అయితే మణికట్టు బ్రేకు లివరును నొప్పి లేకుండా గట్టిగా నొక్కగలగాలి, తల దిమ్ము పూర్తిగా తగ్గి ఉండాలి, హ్యాండిల్ వంకర, ఫోర్కులు, ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలును మెకానిక్ చూసి ఉండాలి. అప్పటి వరకు బండి ఎక్కడం ధైర్యం అనిపించుకోదు.

మిగిలింది హెల్మెట్. 1935 మేలో ఇంగ్లండ్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మరణించిన బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి.ఇ. లారెన్స్‌కు చికిత్స చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు, ఆ తర్వాత సైనిక వార్తాహరుల ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. నేటి హెల్మెట్ లోపలి థర్మోకోల్ వంటి పొర దెబ్బ తాకిడికి నలిగి, ఆ శక్తిని తనలోకి తీసుకుని తలను కాపాడుతుంది. ఒకసారి నలిగిన చోట ఆ పొర మళ్లీ లేవదు, పై చిప్ప మీద గీతలు మాత్రమే కనిపిస్తున్నా లోపల దాని పని అయిపోయి ఉంటుంది. పడినప్పుడు తలతో పాటు రోడ్డుకు తగిలిన హెల్మెట్‌ను దయచేసి మళ్లీ పెట్టుకోవద్దు, బాగానే ఉంది కదా అని వెనక కూర్చునే భార్యకో, కాలేజీకి వెళ్లే కొడుక్కో ఇవ్వవద్దు.