వంటింటి బండ, అమరావతి పద్మం... రెండూ ఒకే రాయి!

మా అత్తయ్యకు ఎనభై దాటాయి. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అలాంటి మనిషి నన్ను ఒక్కసారి మాత్రం గట్టిగా కోప్పడింది. అదీ నేను ఇల్లు శుభ్రం చేసినందుకు!

వినుకొండలో మా ఇంటి నేలంతా మాచర్ల బండలే. మామయ్యగారి హయాంలో లారీలో తెప్పించి పరిపించినవి. మే నెల మధ్యాహ్నాల్లో చాప కూడా లేకుండా వాటి మీదే నడుం వాలుస్తాం. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి చుట్టాలొస్తున్నారని వసారా కడగడం మొదలుపెట్టాను. గ్యాస్‌బండ పెట్టినచోట తుప్పు మరకలు ఎంత తోమినా పోలేదు. విసుగొచ్చి, బాత్రూముల్లో వాడే యాసిడ్ తెచ్చి పోశాను. చుయ్‌మని నురగ పొంగింది. 'అబ్బ, మురికి ఎలా వదులుతోందో' అని మురిసిపోయాను కూడా. నీళ్ళు కొట్టి ఆరాక చూద్దును కదా, మరకల చోట తెల్లటి మచ్చలు. చేత్తో తడిమితే గరుగ్గా తగిలాయి.

"నలభై ఏళ్ళుగా చీపురు దెబ్బ తప్ప ఎరగని బండలే అవి" అంది అత్తయ్య. ఆ పూట ఇక నాతో మాట్లాడలేదు.

ఫంక్షన్‌కి మా చెల్లెలి కూతురు వచ్చింది. విశాఖలో జియాలజీ చదువుతోంది. మచ్చల మీద వేలు పెట్టి చూసి నవ్వేసింది. "పొంగింది మురికి కాదు పెద్దమ్మా, రాయే!" అంది.

చుట్టాలు వెళ్ళాక వంటింట్లో చిన్న పరీక్ష పెట్టింది. మూడు పళ్ళేలు తీసుకుంది. ఒకదాంట్లో పగిలిన మాచర్ల బండ ముక్కను కాస్త దంచి వేసింది. రెండోదాంట్లో కొండ దారిలో ఏరుకొచ్చిన గులకరాయి, మూడోదాంట్లో నేను వాకిట్లో వేసే ముగ్గుపిండి. మూడింటి మీదా నిమ్మకాయ పిండింది. కొండరాయికి చలనం లేదు. బండ పొడి మీద సన్నటి బుడగలు లేచాయి. మా ముగ్గుపిండీ బుసబుసమంది. (అన్ని ముగ్గుపిండులూ ఇలా పొంగవట. కొన్ని వేరే రాళ్ళ పొడి. ఓసారి మీరూ చూడండి, పోయేది అరచెక్క నిమ్మకాయేగా.)

బండలోనూ మా ముగ్గులోనూ ఉన్నది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. పులుపు తగిలితే అది కరిగిపోతుంది, అందులోంచి బొగ్గుపులుసు వాయువు బుడగలుగా బయటికొస్తుంది. నిమ్మరసం మెల్లగా తింటే, యాసిడ్ గబగబా తింటుందంతే. ఇదే రాయిని పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చి సున్నం చేస్తారు. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. మిగతా 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. మా నాయనమ్మ తమలపాకుకు రాసుకున్న సున్నం, అటకల కింద గోడలకు వేసిన వెల్ల, మా నేల... అన్నీ ఒకే కుటుంబం అన్నమాట.

మరి కొండరాయి ఎందుకు పొంగలేదు? దాని పుట్టుకే వేరు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడితే గ్రానైట్. అందులో సున్నం పాలు దాదాపు ఉండదు కాబట్టి పులుపుకి లొంగదు. శాస్త్రజ్ఞులు 'వినుకొండ గ్రానైట్' అని మా ఊరి పేరే పెట్టిన రాయి ఒకటుందనీ, దాని వయసు దాదాపు 160 కోట్ల ఏళ్ళనీ మా పిల్ల చెప్తే, తొలి ఏకాదశి తిరునాళ్ళకి ఏటా కొండెక్కే నాకు ఆ సంగతి ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గేసింది.

పల్నాటి సున్నపురాయి అలా నిప్పులో పుట్టింది కాదు, నీళ్ళలో పుట్టింది. ఇప్పుడు మిరపా పత్తీ పండే మన ప్రాంతాన ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేది. అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుంది. ఇది 50 కోట్ల ఏళ్ళకు పైమాట. అప్పటికింకా చేపలు లేవు, గవ్వలు లేవు. అందుకే ఈ బండల్లో గవ్వల గుర్తులు కనిపించవు. పేరుకున్నది పొరలుగా కాబట్టే మేస్త్రీ ఉలి పెట్టి కొడితే పలకలు పలకలుగా ఊడి వస్తుంది. మన ఇళ్ళకు నాపరాళ్ళు దొరకడానికి ఆ పొరలే కారణం.

ఇదంతా కంటితో చూసి చెప్పేది కాదు. రాతి ముక్కను మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి, అంటే వెంట్రుక కంటే సన్నగా అరగదీస్తారు. అప్పుడు రాయి కూడా అద్దంలా వెలుతురును పోనిస్తుంది. మైక్రోస్కోపు కింద పెడితే గింజల పరిమాణం, వాటి అమరిక, మధ్య ఉన్న బంకమట్టి అన్నీ తెలుస్తాయి. పాత శిల్పం ఏ గనిలో రాయో తేల్చాలంటే ఇంకో పద్ధతి కూడా ఉంది. అందులోని కార్బన్, ఆక్సిజన్ పరమాణువుల్లో బరువైనవి ఎన్ని, తేలికైనవి ఎన్ని అని పాళ్ళు లెక్కగట్టి గని రాయితో పోల్చి చూస్తారు. గ్రీకు, రోమను పాలరాతి విగ్రహాల పుట్టిళ్ళు అలాగే పట్టుకున్నారు.

అమరావతి స్తూపానికి చుట్టిన శిల్పాలది కూడా పల్నాటి సున్నపురాయే. నాగార్జునకొండవీ అంతే. ఇంగ్లీషువాళ్ళు 'పల్నాడు మార్బుల్' అని రాసుకున్నారు గానీ అది పాలరాయి కాదు. సున్నపురాయి భూమిలోపల వేడికీ ఒత్తిడికీ మళ్ళీ స్ఫటికాలు కడితే పాలరాయి అవుతుంది. మనది ఆ మార్పు చెందనిది. మెత్తటి గింజ కావడంవల్లే రెండువేల ఏళ్ళ కిందటి మన శిల్పులు దాని మీద పద్మంలో రేకులు, ఆడవాళ్ళ నడుముకు మువ్వల మొలనూళ్ళు అంత సన్నగా చెక్కగలిగారు.

ఆ సున్నమే దాని ప్రాణం మీదికీ తెచ్చింది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి వచ్చేసరికి అక్కడి దిబ్బను కట్టడాల రాళ్ళకోసం తవ్వుతున్నారు. 1816లో ఆయన బొమ్మలు గీసేవాళ్ళను వెంటబెట్టుకొచ్చి, మిగిలినవాటిని కాగితం మీదికి ఎక్కించాడు. చెక్కిన పలకలెన్నో అప్పటికే గోడల్లోకీ మెట్లలోకీ వెళ్ళిపోయాయి. సున్నపు బట్టీల్లోకి పోయినవీ ఉన్నాయి. ఆ పద్మాలు ఎవరి ఇంటి గోడకు వెల్లగా మారాయో! తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్ళాయి. ఇంకొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

ఇవన్నీ వింటుంటే నా గుండె ఝల్లుమంది. కారణం వేరు. మా పుట్టింటి ఊళ్ళో గుడి బాగుచేస్తున్నారు. గుడి మెట్టు పక్కన సగం పద్మం చెక్కిన పలక ఒకటి ఉంది. చిన్నప్పుడు దాని మీద కూర్చునే అచ్చనగాయలు ఆడుకున్నాం. 'రాళ్ళన్నీ యాసిడ్‌తో తెల్లగా తోమిస్తున్నాం' అని బాబాయి అంతకు వారం ముందే ఫోన్లో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

"మచ్చలు పోతే మీకేంటమ్మా బాధ? దేవుడి పనికి అడ్డం చెప్పకండి" అన్నాడు బాబాయి. నేను వాదించలేదు. పునాది దగ్గర పడున్న బండముక్క తెచ్చి, డబ్బాలోంచి చెంచాడు యాసిడ్ దూరం నుంచి పోసి చూపించాను. పొంగు తగ్గాక నీళ్ళు గుమ్మరించి "తడిమి చూడు బాబాయ్" అన్నాను. తడిమాడు. వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పనివాళ్ళను కేకేసి డబ్బాలు లోపల పెట్టించాడు.

పద్మం దక్కింది. కానీ బావి దగ్గర అక్షరాలున్న పలకను ముందురోజే తోమేశారు. ఏ కాలం నాటి అక్షరాలో మాలో ఎవరూ చదివి ఎరగం. మూడు వరుసలుండేవి. పై వరుసలో సగం, కింద రెండు మూడు గీతలు మిగిలాయి. ఉలితో చెక్కిన అక్షరం లోతు ఎంతుంటుంది గనక! అంచులు కరిగితే అక్షరం పోయినట్టే. మా పిల్ల ఎండ ఏటవాలుగా పడే దాకా కూర్చుని, మిగిలినవాటిని నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసింది. పురావస్తు శాఖకు పంపమని చెప్పి బాబాయి చేతే ఉత్తరం రాయించింది.

మీ ఇళ్ళల్లో నాపరాళ్ళుంటే యాసిడ్, వెనిగర్, నిమ్మచెక్క, చింతపండు దాని జోలికి పోనివ్వకండి. పులుసు ఒలికితే వెంటనే తుడవండి. ఘాటు లేని సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. పాత శిల్పాల మాటంటారా, నాచు పట్టినా సరే గీకొద్దు, సున్నం కొట్టొద్దు, రంగులేయొద్దు. తెలిసినవాళ్ళు చూసేదాకా అలా వదిలేయండి.

మా వసారా మచ్చలకు పాలిష్ పట్టిస్తే పోతాయన్నాడు మేస్త్రీ. "ఇంకోసారి అరగదీస్తావా దాన్ని? వద్దు" అని అత్తయ్య వాటి మీద చాప పరిపించింది. ఇంటికొచ్చినవాళ్ళకి ఆ చాప ఎత్తి మరీ చూపిస్తోంది.