హార్డ్‌వేర్ కోర్సు: డబ్బు కట్టకముందే అడగవలసిన మాటలు

పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే దినాలలో మన ఇండ్లలో ఒకే ప్రశ్న వినబడుతుంది: "బిడ్డను ఇప్పుడు దేనిలో చేర్పించాలి?" ఆ సమయానికే కరపత్రాలు కూడా ఊళ్లోకి వస్తాయి. ఆరు నెలల్లో హార్డ్‌వేర్ ఇంజనీరు, అంతర్జాతీయ సర్టిఫికెట్, నూటికి నూరుపాళ్లు ఉద్యోగం అని వాటిలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. సేద్యం మీద, కూలి మీద, పులికాట్ సరస్సులో వేట మీద బ్రతికే కుటుంబం ఆ ఫీజు కట్టాలంటే తల్లి మెడలోని బంగారమో, ఇంటి గేదెనో గుర్తుకు వస్తుంది. కావున ఈ విషయం తల్లిదండ్రులూ యౌవనస్థులూ కలిసి కూర్చుండి ఆలోచించదగినది.

దొరవారిసత్రం గూడూరు–చెన్నై రైలు మార్గం మీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ నుండి ఈ మండలం నెల్లూరు జిల్లాను విడిచి తిరుపతి జిల్లాలో చేరింది. ఒక ప్రక్క నాయుడుపేట, మరొక ప్రక్క సూళ్లూరుపేట, దానికి ఆవల శ్రీహరికోటలోని షార్ కేంద్రం, తడ దాటితే శ్రీసిటీలోని కర్మాగారాలు, ఇంకా ముందుకు పోతే చెన్నై పట్టణం. పని దొరికే చోట్లు దూరాన లేవు. అయితే ఆ చోట్లన్నిటికీ ఒకే కాగితం పనికిరాదు. మొదట ఎరుగవలసిన సంగతి ఇదే.

పని మారిన విధము

1990లలో హార్డ్‌వేర్ అంటే కంప్యూటరు పెట్టె విప్పి ర్యామ్, హార్డ్ డిస్క్, ఎస్.ఎం.పి.ఎస్. మార్చి బిగించడమే. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో కొన్ని భాగాలు బోర్డుకే అతికి ఉంటాయి. విప్పి మార్చే వీలు తగ్గింది. దానికి బదులు నెట్‌వర్కు తీగలు లాగడం, రౌటర్లు అమర్చడం, సి.సి. కెమెరాలు, ప్రింటర్లు, యు.పి.ఎస్.లు చూడడం, ఆఫీసులలో సర్వర్లను కాపాడడం పెరిగింది. మల్టీమీటరు పట్టడం, సోల్డరింగు చేయడం, ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో చూడడం మాత్రం అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. చేతితో పని నేర్పని కోర్సు ఎంత గొప్ప పేరు పెట్టుకొన్నా మనకు వద్దు.

మూడు రకాల సర్టిఫికెట్లు

మొదటిది ప్రభుత్వం గుర్తించిన ఐ.టి.ఐ. సర్టిఫికెట్. కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అనే ఒక సంవత్సరపు ట్రేడు ఉన్నది; పదవ తరగతి పాసైనవారు చేరవచ్చు. అది అన్ని ఐ.టి.ఐ.లలోనూ ఉండదు గనుక ముందే విచారించుకోవాలి. అది దొరకనప్పుడు రెండు సంవత్సరాల ఎలక్ట్రానిక్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు కూడా మంచి పునాదులే. చివరి పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద ఏదైనా సంస్థలో స్టైపెండు తీసుకొంటూ పని నేర్చుకొనే మార్గమూ ఉన్నది.

రెండవది అంతర్జాతీయ సర్టిఫికెట్. హార్డ్‌వేర్‌లో పేరు పొందినది కాంప్‌టియా వారి ఏ ప్లస్. ఇది 1993లో మొదలైంది. దీనికి ఒక్క పరీక్ష కాదు, రెండు పరీక్షలు పాసు కావాలి. ఒకదానిలో యంత్ర భాగాలు, మొబైల్ పరికరాలు, నెట్‌వర్కు. రెండవదానిలో ఆపరేటింగ్ సిస్టములు, భద్రత, సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేయడం. ఒకటి మాత్రమే పాసైతే సర్టిఫికెట్ రాదు. మూడు సంవత్సరాలకొకసారి దానిని పునరుద్ధరించుకోవాలి. నెట్‌వర్కు వైపు వెళ్లగోరే వారికి సిస్కో వారి సి.సి.ఎన్.ఏ. ఉన్నది, 2020 నుండి అది ఒకే పరీక్ష, దాని గడువు కూడా మూడేండ్లే. ఈ పరీక్షలలో తెలుగు లేదు. తెలుగు మీడియంలో చదివిన బిడ్డకు ప్రశ్న అర్థం చేసుకొనేంత ఇంగ్లీషు ముందు రావాలి. పరీక్ష ఫీజు వేరు, ఇన్‌స్టిట్యూటు ఫీజు వేరు అన్నది మరువకూడదు.

మూడవది ఇన్‌స్టిట్యూటు తానే అచ్చువేసి ఇచ్చే సర్టిఫికెట్. అందులో అంతర్జాతీయ అనే మాట ఉండవచ్చు. కానీ అది ఆ కోర్సుకు హాజరైనట్లు చెప్పే కాగితమే. పని బాగా నేర్పే ఇన్‌స్టిట్యూట్లు లేకపోలేదు. అక్కడ నేర్చుకొన్న పనికి విలువ ఉంటుంది. కాగితానికి మాత్రం అంత విలువ కట్టకూడదు.

పేరు చూసి పరుగెత్తవద్దు

ఒకప్పుడు మన పట్టణాలలో ఎం.సి.ఎస్.ఇ. అనే బోర్డు లేని కంప్యూటరు సెంటరు అరుదు. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సర్టిఫికెట్‌ను 2021 జనవరితో ముగించింది. దానికై అప్పుచేసిన వారికి చివరకు మిగిలినది వారు నేర్చుకొన్న పనే. నేటి గొప్ప పేర్లకూ ఇట్టి దినము రావచ్చును.

షార్ సంగతి కూడా చూడండి. అక్కడ టెక్నీషియన్-బి పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు పదవ తరగతితో పాటు, ఆ ప్రకటనలో చెప్పిన ట్రేడులో ఐ.టి.ఐ. సర్టిఫికెట్ అడుగుతారు. ఎంతో ఖర్చుతో తెచ్చుకొన్న ఏ ప్లస్ దానికి బదులు కాజాలదు. అదే చెన్నైలోనో బెంగళూరులోనో కంప్యూటర్ల సర్వీసు చేసే కంపెనీలో ఏ ప్లస్ గాని సి.సి.ఎన్.ఏ. గాని చూపిన వానికి కొంత మొగ్గు ఉంటుంది. కావున ముందు ఉద్యోగం ఏదో చూసి, తరువాత సర్టిఫికెట్ ఎంచుకొనవలెను. చాలామంది దీనికి తలక్రిందులుగా చేస్తున్నారు.

ఫీజు కట్టకముందు

ఇన్‌స్టిట్యూటు గుమ్మం ఎక్కినప్పుడు ఈ మాటలు తప్పక అడగండి.

1. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? ప్రభుత్వమా, కంపెనీయా, మీరేనా?

2. పరీక్ష ఫీజు ఇందులో కలిసి ఉన్నదా? తప్పితే మరల ఎంత కట్టాలి?

3. ఒక్కొక్క యంత్రానికి ఎందరు పిల్లలు? విప్పి బిగించే పని వారానికి ఎన్ని గంటలు?

4. నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వారిలో ఇద్దరితో మాట్లాడవచ్చునా?

5. మధ్యలో మానుకొంటే డబ్బు తిరిగి ఇస్తారా? ఆ మాట రసీదు మీద వ్రాసి ఇస్తారా?

సూటిగా జవాబు చెప్పనివారికి డబ్బు కట్టవద్దు. నూటికి నూరుపాళ్లు ఉద్యోగం అనేవారిని ఆ మాట కాగితం మీద వ్రాసి సంతకం చేయమనండి.

మా సలహా

మొదట ఐ.టి.ఐ. గాని, పదవ తరగతి తరువాతి మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా గాని పూర్తి చేయించండి. తరువాత ఒక సంవత్సరం సర్వీసు సెంటరులోనో అప్రెంటిసుగానో పని చేయనివ్వండి. జీతం తక్కువైనా ఆ సంవత్సరం వృథా పోదు. యంత్రాల పని నచ్చిందా, నెట్‌వర్కు నచ్చిందా అన్నది అప్పుడు బిడ్డకే తెలుస్తుంది. అంతర్జాతీయ పరీక్ష అవసరమనిపిస్తే అప్పుడు తన సంపాదనతోనే ఒక్కటి మాత్రం వ్రాయవచ్చును. ఈ వరుసలో వెళ్తే ఇంటి బంగారం ఇంట్లోనే ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. ఇది మగవారి పని అని వారిని ప్రక్కన పెట్టవద్దు. సన్నని స్క్రూలు విప్పడానికి, ఓపికగా లోపం వెదకడానికి కావలసినది కండబలం కాదు. ఇష్టమున్న అమ్మాయిని ఐ.టి.ఐ. మెట్లు ఎక్కనివ్వండి.

సంఘంలో చదువుకొన్న పెద్దలకు మా మనవి. ఫీజు కట్టబోయే కుటుంబంతో ఒక పూట వెళ్లి, పై ఐదు ప్రశ్నలు వారి పక్షాన అడగండి. ఇంగ్లీషు కాగితం ఎదుట నోరు మెదపలేని తండ్రికి మీరు తోడుగా నిలబడటం చందాకంటె గొప్ప సహాయం.