ఇంతకీ... ఏ ‘మూలం’?

‘‘పిన్నీ, గోదావరికి ఆరిజిన్ అని రాయాలా, సోర్స్ అని రాయాలా?’’

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి, గోదావరి మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాసుకుంటూ మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. ముందు ‘బిగినింగ్’ అని రాసి కొట్టేసింది. తర్వాత ‘స్టార్టింగ్’ అని రాసి అదీ కొట్టేసింది. డిక్షనరీ తీస్తే... ఆరిజిన్ అంటే మూలం. సోర్స్ అంటే మూలం. రూట్ అన్నా మూలమే!

‘ఏదో ఒకటి రాసెయ్’ అనబోయి ఆగాను. రోజూ రాతపని చేసే నాకే చప్పున జవాబు తోచలేదు మరి.

తప్పు డిక్షనరీది కాదు. మన ‘మూలం’ అందరినీ కలుపుకుపోయే మాట. లెక్కల్లో వర్గమూలం, గ్రాఫు కాగితం మీద మూలబిందువు, గొడవలకు మూలకారణం, గుళ్లో మూలవిరాట్టు, అనువాద కథ కింద మూలరచయిత... ఆఖరికి జన్మనక్షత్రం కూడా. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ఒకే మాట సరిపోదు.

అలాగని మనకు తేడాలు తెలియవా అంటే, భేషుగ్గా తెలుసు. ప్రాజెక్టుకు శ్రీకారం చుడతాం. ఉద్యమానికి నాంది పలుకుతాం. బ్రహ్మోత్సవాలకు అంకురార్పణ చేస్తాం. జ్వరానికి ఎవరైనా శ్రీకారం చుడతారా? తెలుగులో ఎవరూ నేర్పకుండానే పట్టుబడే ఈ సున్నితం ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి ఎటుపోతుందో! మాటను వాక్యంతోపాటు కాకుండా, అర్థంతో జతకట్టి బట్టీపట్టడం వల్లే ఈ తిప్పలని నా అనుమానం.

సరే, గోదారి దగ్గరికి వద్దాం.

సోర్స్, ఆరిజిన్... రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. విచిత్రమేమిటంటే రెండింటికీ అసలు అర్థం ‘పైకి లేవడం’. కాకపోతే సోర్స్‌లో లేచేది నీరు. నేలలోంచి ఊట ఉబికినట్టు. ఆరిజిన్‌లో లేచేది సూర్యుడు. తూర్పుదిక్కును ఓరియంట్ అనేది అందుకే, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం చిక్కు విడిపోతుంది. ఊట ఇవాళా ఊరుతుంది, రేపూ ఊరుతుంది. అక్కడినుంచి మనకేదో అందుతూనే ఉంటుంది. అది సోర్స్. ఎప్పుడో, ఎలాగో ఒక వస్తువు లోకంలోకి వచ్చింది. ఆ పుట్టుక ఆరిజిన్.

నమ్మకం కుదరకపోతే రెండు పుస్తకాల పేర్లు చూడండి. 1859లో డార్విన్ జీవజాతుల గురించి రాసిన గ్రంథం పేరులో ఉన్నది ఆరిజిన్. 1863లో జాన్ స్పీక్ అనే అన్వేషకుడు నైలు నది ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టానంటూ వేసిన పుస్తకం పేరులో ఉన్నది సోర్స్. వాటిని అటూ ఇటూ మార్చామనుకోండి... డార్విన్ పుస్తకం జంతువులు ఎక్కడ దొరుకుతాయో చెప్పే చిరునామాల పట్టీలా వినిపిస్తుంది. స్పీక్ పుస్తకమేమో లక్షల ఏళ్ల కిందట నైలు ఎలా ఏర్పడిందో చెప్పే భూగర్భశాస్త్రమవుతుంది!

నాసిక్ జిల్లా త్రయంబకం దగ్గర బ్రహ్మగిరి కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే మన గోదారికి, అక్కడున్న ఊట సోర్స్. నది పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఆరిజిన్ అన్నా తప్పని ఎవరూ అనరు. కానీ ఫలానా చోటు అని వేలు పెట్టి చూపించాలంటే సోర్సే సరైన మాట.

ఇదంతా పరీక్షలో అరమార్కు గొడవ అనుకునేరు. 1854లో లండన్‌లోని సోహోలో కలరా ప్రబలింది. జాన్ స్నో అనే వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారిలో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒకే చేతిపంపు నీళ్లు తాగారని పసిగట్టాడు. అధికారులను ఒప్పించి పంపు పిడి తీయించాడు. కలరాకు కారణమైన సూక్ష్మజీవి సంగతి అప్పటికి ఆయనకు తెలియదు. అంటే ఆరిజిన్ తెలియకపోయినా సోర్స్ దొరికింది. దానికి అడ్డుకట్ట వేయగలిగారు.

కరోనా రోజులు గుర్తున్నాయి కదా. 2020లో మనింట్లో ఒకరికి పాజిటివ్ వస్తే ‘ఎవరి నుంచి అంటింది?’ అని ఆరా తీశారు. ఆ వెతుకులాట సోర్స్ కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 2021 ఆరంభంలో వూహాన్ వెళ్లింది మాత్రం ఆరిజిన్ వెతకడానికి. అసలు ఆ వైరస్ మనుషుల్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికినవాళ్లు మాత్రం ఇంట్లో మిగతావాళ్లను కాపాడుకున్నారు.

జీతం చీటీలో కనిపించే టీడీఎస్ కూడా ఇంతే. అందులో ‘ఎస్’ సోర్స్. నెలనెలా జీతం ఊరే చోటే పన్ను పట్టేసుకుంటారన్నమాట. అదే దిగుమతి వస్తువు పెట్టె మీదైతే ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్’ ఉంటుంది. మీరు కొన్నది పక్కవీధి కొట్లోనే కావచ్చు, అది తయారైన దేశం వేరు. మా ఆఫీసులో కూడా వార్త తెస్తే ‘సోర్స్ ఎవరు?’ అంటారే తప్ప ఆరిజిన్ అడిగినవాళ్లు లేరు.

ఇక స్టార్ట్, బిగిన్, కమెన్స్. బండిని స్టార్ట్ చేస్తాం, బిగిన్ చేయం. స్టార్ట్ అనే మాటకు పాత అర్థం ఉలిక్కిపడి గెంతడం. స్టార్టిల్ దాని చుట్టమే. అందుకే కదలికా కుదుపూ ఉన్నచోట అది ఒదుగుతుంది. కమెన్స్ది దర్జా వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజుగారి కొలువులోనూ కోర్టుల్లోనూ చాలాకాలం ఫ్రెంచే చలామణి అయింది. ఆ దారిన వచ్చిన మాట కాబట్టి ఇప్పటికీ చట్టాలనూ ప్రకటనలనూ వదలదు. మన రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చినా, రాజ్యాంగం తన ‘కమెన్స్‌మెంట్’ అని చెప్పుకునేది 1950 జనవరి 26. ఆ మాట అక్కడ ఒక తేదీ. స్నేహితుడికి రాసే ఉత్తరంలో ‘సినిమా కమెన్స్ అయింది’ అని రాస్తే మాత్రం నవ్వొస్తుంది.

వీటన్నిటిలో ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన మాట ఇంకోటుంది. ఆన్‌సెట్. ఒకప్పుడు దీనర్థం దాడి. మన ప్రమేయం లేకుండా వచ్చి మీదపడేవాటికే వాడతారు. కేరళకు ఏటా జూన్ 1 ప్రాంతంలో వచ్చే రుతుపవనాలకు వాతావరణ శాఖ వాడే మాట ఇదే. వ్యాధులకు డాక్టర్లు వాడేదీ ఇదే.

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ‘ఎప్పుడు మొదలైంది?’ అని. మనవాళ్లు కంగారులో ‘పొద్దున ఆరింటికి చూశామండీ’ అంటారు. చూసిన టైము వేరు, మొదలైన టైము వేరు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా ఆన్‌సెట్ నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నిద్రలో వస్తే? ఆ మనిషి బాగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారో అక్కడినుంచి లెక్క. రాత్రి పదింటికి మామూలుగా మాట్లాడి పడుకున్న తాతయ్యకు పొద్దున ఆరింటికి మూతి వంకర పోతే, లెక్క పదింటి నుంచే. అప్పుడు స్కానింగులు చూసి వేరే దారి ఏముందో డాక్టర్లు నిర్ణయిస్తారు. కాబట్టి ఆ సమయం తప్పు చెప్పకూడదు. ఇంకో సంగతి, మాట తడబడినా చెయ్యి పడిపోయినా ‘కాసేపు చూద్దాం’ అని ఆగకండి. గడియారం అప్పటికే నడుస్తుంటుంది.

ఏ మాట వాడాలో తోచనప్పుడు ఒక చిట్కా ఉంది. దాని అవతలి కొసేమిటో చూడండి. బిగినింగ్‌కు ఎండ్ ఉంటుంది, కథకైనా నెలకైనా. స్టార్ట్‌కు ఫినిష్, పరుగుపందెంలోలా. విమాన టికెట్టులో ఆరిజిన్‌కు డెస్టినేషన్. నది సోర్స్‌కు అవతలి కొస ‘మౌత్’, సముద్రంలో కలిసేచోటు. ప్రతిసారీ పనిచేస్తుందని హామీ ఇవ్వలేను కానీ మా పిల్లకు మాత్రం పనిచేసింది. అంతర్వేది పేరు తలచుకుని, ‘అయితే సోర్సే!’ అని ఎగిరి గంతేసింది.

చిట్కాకు లొంగని మాటలూ ఉన్నాయి. మా పక్కింటి దంపతులకు అమెరికాలో ఎమ్మెస్ చదివిన కొడుకు నుంచి ‘కమెన్స్‌మెంట్‌కు రండి’ అని పిలుపొచ్చింది. ఆవిడ గుండె గుభేల్‌మంది. ‘‘చదువైపోయిందన్నాడు కదండీ... మళ్లీ మొదలంటాడేంటి? ఇంకెన్ని లక్షలు కట్టాలట?’’ అక్కడ పట్టాల పండుగకు అదే పేరని తెలిశాకగానీ స్థిమితపడలేదు.

గోదారి వ్యాసం మధ్యాహ్నానికి పూర్తయింది. పెన్ను మూతపెట్టిన ఐదు నిమిషాలకు మళ్లీ వచ్చింది మా పిల్ల.

‘‘పిన్నీ, చివర్లో ఏం రాయాలి... ఎండ్ అనా, ఫినిష్ అనా, కన్‌క్లూజన్ అనా?’’