కారు మీద సన్నని గీతలు పడుతున్నాయా? మైక్రోఫైబర్ టవల్ ఉతికే నీళ్లు, ఆరేసే చోటు ఒకసారి చూసుకోండి!

కొత్త కారు. వారం వారం కడుగుతూనే ఉన్నారు. మంచి మైక్రోఫైబర్ టవల్‌తోనే తుడుస్తున్నారు. అయినా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు! టవల్ నాసిరకం అనుకుని మరో ప్యాకెట్ కొంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. అనంతపురం లాంటి చోట చాలాసార్లు తేడా వచ్చేది టవల్ కొనే దగ్గర కాదు.. దాన్ని ఉతికి ఆరేసే దగ్గర.

ఇక్కడే ఎందుకు ఈ తిప్పలు?

దేశంలో వర్షం తక్కువగా పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. గాలి వీస్తే ఎర్రమన్ను లేస్తుంది. ఇంట్లో వాడకానికి ఎక్కువగా బోరు నీళ్లే దిక్కు. మరోవైపు కార్లేమో పెరుగుతున్నాయి. అప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ కూడా మొదలైంది. 2022లో జిల్లాల విభజన తర్వాత ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. దుమ్ము, ఉప్పు నీళ్లు.. ఈ రెండూ మైక్రోఫైబర్‌కు పెద్ద శత్రువులు.

టవల్‌లో జరిగేది ఇదీ..

మైక్రోఫైబర్‌లో సాధారణంగా 80 శాతం పాలిస్టర్, 20 శాతం పాలిమైడ్ ఉంటాయి. ఖరీదైన రకాల్లో ఇది 70-30గా కూడా ఉంటుంది. ఇందులో ఒక్కో పోగును ఇంకా సన్నని పాయలుగా చీలుస్తారు. ఆ సందులే నీటిని, దుమ్మును లాగేసుకుంటాయి. అయితే సరిగ్గా ఉతక్కపోతే ఇసుక రేణువులు అక్కడే ఇరుక్కుపోతాయి. కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ వెంట్రుక కంటే పలుచన. ఇసుక దానికంటే చాలా గట్టిది. ఇంకేముంది, తుడిచిన ప్రతిసారీ గీతే!

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. టవల్ ఆరినప్పుడు నీరు పోతుంది, లవణాలు పోగుల్లో మిగిలిపోతాయి. అందుకే కొన్నాళ్లకు టవల్ అట్ట కట్టినట్టు బిరుసెక్కుతుంది.

ఉతికే పద్ధతి

* కారు బాడీకి, అద్దాలకు, టైర్లకు వేర్వేరు రంగుల టవళ్లు పెట్టుకోండి. టైర్లు తుడిచినవి మిగతా వాటితో కలపొద్దు.
* ముందు బాగా దులిపి, ఉత్త నీళ్లలో జాడించండి. దుమ్ము పోయాకే సబ్బు నీళ్లలో వేయాలి.
* పౌడర్ కంటే లిక్విడ్ డిటర్జెంట్ మేలు. ఉప్పు నీళ్లలో పౌడర్ సరిగ్గా కరగక పోగుల్లో మిగిలే అవకాశం ఎక్కువ. అది కూడా కొంచెమే వేయండి. గోరువెచ్చని నీళ్లలో 15-20 నిమిషాలు నానబెట్టి చేత్తో పిసికితే చాలు. బండకేసి బాదొద్దు.
* బట్టలు మెత్తగా ఉండేందుకు వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు. అది పోగుల మీద పొరలా పేరుకుని నీళ్లు పీల్చనివ్వదు.
* నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు. వాటి నూగంతా టవల్‌కే అంటుకుంటుంది.
* బిరుసెక్కిన టవల్‌ను అర బకెట్ నీళ్లలో అర కప్పు వైట్ వెనిగర్ కలిపి పావుగంట నానబెట్టి జాడించండి. పేరుకున్న సున్నం కరుగుతుంది. అయితే వెనిగర్‌లో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆర్‌ఓ వ్యర్థ నీళ్లతో జాగ్రత్త

నీళ్లు వృథా చేయకూడదని చాలామంది ఆర్‌ఓ మెషీన్ నుంచి బయటికి వచ్చే నీళ్లు పట్టి పెడతారు. మంచి అలవాటే. కానీ ఆ నీళ్లలో బోరు నీళ్ల కంటే లవణాలు ఇంకా ఎక్కువ. మెషీన్ వదిలించుకునేది వాటినే కదా! దుమ్ము వదిలించే మొదటి జాడింపునకు అవి పనికొస్తాయి. చివరి జాడింపునకు మాత్రం వద్దు. దానికి పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ, ఏసీ నుంచి కారే నీళ్లను గుడ్డలో వడకట్టి గానీ వాడొచ్చు. వీటిలో లవణాలు చాలా తక్కువ.

ఒక్కో టవల్ కాకుండా ఎనిమిది, పది పోగయ్యాక ఒకేసారి ఉతికితే నీళ్లు ఆదా అవుతాయి. ముందు అద్దాలవి, తర్వాత బాడీవి, చివర్లో టైర్లవి. ఈసారి చివరగా జాడించిన నీళ్లను వచ్చేసారి మొదటి జాడింపునకు ఉంచుకోవచ్చు. ఉతికిన మురికి నీళ్లు కూరగాయల మడిలో పోయొద్దు. అందులో పాలిష్ రసాయనాలతో పాటు సన్నని ప్లాస్టిక్ పోగులూ ఉంటాయి.

ఆరేసేది మిద్దె మీద కాదు!

చాలామంది చేసే అసలు పొరపాటు ఇదే. అంత కష్టపడి ఉతికి, మిద్దె మీద తీగకు వేస్తారు. గాలికి లేచిన ఎర్రమన్నంతా తడి టవల్‌కే అంటుకుంటుంది. కంప మీదో, కంచె మీదో వేస్తే ముళ్లు, పల్లేరు కాయలు పట్టుకుంటాయి. పైగా మండుటెండలో రోజూ ఆరితే పోగులు బలహీనపడతాయి. ఇక్కడి గాలి పొడిగానే ఉంటుంది కాబట్టి ఎండే అక్కర్లేదు. ఇంట్లో తాడు కట్టి ఫ్యాన్ కింద వేస్తే త్వరగా ఆరిపోతాయి. డ్రయ్యర్ వాడితే తక్కువ వేడి మీదే పెట్టాలి. ఎక్కువ వేడికి పోగులు కరిగి గట్టిపడతాయి. ఇస్త్రీ అసలే వద్దు. పూర్తిగా ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

టవల్ బాగుందో లేదో ఇలా తెలుసుకోండి

స్టీలు ప్లేటులో చెంచాడు నీళ్లు పోసి టవల్‌తో తుడవండి. నీళ్లు పీల్చకుండా పక్కకు నెడుతుంటే పోగులు మూసుకుపోయినట్టే. పాత సీడీ ఉంటే దాని మీద రుద్ది వెలుతురులో చూడండి. గీతలు కనిపిస్తే ఆ టవల్ ఇక టైర్లకే. కారు తుడుస్తుండగా నేల మీద పడినదైనా అంతే. 'దులిపేశాంలే' అనుకుని మళ్లీ బానెట్ మీద పెట్టొద్దు. టవల్ పోతే వందో, రెండొందలో. గీతలు పడితే పాలిష్‌కు వేలల్లో పెట్టాలి. పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ ఇంకాస్త పలుచనవుతుంది.