చేతిలో ఫోను – చాటున జూదం

మీ అబ్బాయికి మందు అలవాటు లేదు. సిగరెట్టు ముట్టడు. రాత్రి భోజనం కాగానే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. బుద్ధిమంతుడని మీరు సంతోషిస్తారు. ఒకరోజు అప్పులవాళ్ళ ఫోను మీకే వస్తుంది. లేదా పురుగుల మందు తాగిన బిడ్డను తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. కొన్ని ఇళ్ళలో అప్పుడుగాని పందెం సంగతి బయటపడదు.

పూర్వం పేకాటకు నలుగురు మనుషులు, ఒక చోటు కావాలి. ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది. ఫోనులో రమ్మీకి, క్రికెట్ పందేనికి అవేవీ అక్కరలేదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా విదేశాల నుండి నడిచే యాప్‌లు దొడ్డిదారిన వస్తూనే ఉన్నాయి.

చదువుకున్నవాడు ఇందులో ఎలా పడ్డాడని మీరు అడుగుతారు. ప్రతిసారీ గెలిచే ఆట త్వరగా విసుగు పుట్టిస్తుంది. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట విడిచిపెట్టనివ్వదు. గెలుపు కోసం ఎదురుచూస్తున్నప్పుడే మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలై "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. కొద్దిలో తప్పిపోయిన ఆట కూడా ఓటమిలా కాక, గెలుపు దగ్గరలోనే ఉన్నట్లు తోస్తుంది. తరువాత పోయినది రాబట్టుకోవాలని ఆడతాడు. ఈ దశలో అతనికి కావలసింది లాభం కాదు, మీకు తెలియకముందే లోటు పూడ్చడం. అందుకే అబద్ధాలు, అందుకే లోన్ యాప్‌ల అప్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూద వ్యసనాన్ని వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇది కేవలం క్రమశిక్షణ లేకపోవడం కాదని గ్రహించండి.

నిద్రలేమి, చిరాకు, ఫోను మోగితే ఉలికిపాటు, ఇంట్లో డబ్బో నగో కనిపించకపోవడం – ఇవి గమనించండి.

విషయం తెలిసిన రాత్రి చాలా ముఖ్యమైనది. "మా పరువు తీశావు" అనే మాట ఆ రాత్రి అనవద్దు. ఒంటరిగా వదలవద్దు. పురుగుల మందు, మాత్రలు అందకుండా దాచండి. "చనిపోవాలనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడనక్కరలేదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పొలం అమ్మి అప్పంతా ఒక్కసారిగా తీర్చి ఊరుకోవద్దు. కన్నవారికి ఇది కష్టమైన మాటే. కాని వైద్యం లేకుండా అప్పు మాత్రమే తీరిస్తే మళ్ళీ ఆడడానికి దారి ఏర్పడుతుంది. ముందు మొత్తం లెక్క కాగితం మీద రాయించండి. కొంతకాలం జీతం, బ్యాంకు కార్డు అతని అంగీకారంతో ఇంట్లో ఒకరు చూసుకోవాలి. లోన్ యాప్‌ వాళ్ళు ఫొటోలతో బెదిరిస్తే డబ్బు కట్టవద్దు, ఆ సందేశాలు చెరపకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి.

మానసిక వైద్యుడు అతనితో విడిగా మాట్లాడి, కోరిక పుట్టినప్పుడు ఏమి చేయాలో కొన్ని వారాలపాటు నేర్పిస్తారు. వెనుక కుంగుబాటు ఉంటే దానికి మందులిస్తారు. మధ్యలో ఒకసారి మళ్ళీ ఆడినా వైద్యం వ్యర్థమైనట్లు కాదు, దాచకుండా చెప్పమనండి. ఆసుపత్రి దూరమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అబ్బాయి రానంటే, ముందు మీరే రండి.